రెండవ ముద్రణ

తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి కార్ల గొడవ ఎందుకని మీరు అడగవచ్చు. మా ఇంట్లోనూ అదే అడుగుతారు. నాకున్నది పాతకాలపు చిన్న కారు ఒకటి. అందులో హారను తప్ప తక్కినవన్నీ మోగుతాయి. అయినా ఆదివారం ఉదయం ఉప్పల్‌లో ఇంట్లోంచి బయలుదేరి నాచారంలో మా అక్కగారింటికి వెళ్లేటప్పుడు, దారిలో ఇరానీ హోటలు దగ్గర ఆగక తప్పదు. అక్కడ మా మేనల్లుడూ, వాడి మిత్రబృందమూ కొలువుతీరి వుంటారు.

అయిదారుగురు. అందరూ ఉద్యోగస్థులే. అందరికీ కార్ల పిచ్చి. ఒకణ్ని 'పోలో' అంటారు, మరొకణ్ని 'బాలెనో' అంటారు. తల్లిదండ్రులు పెట్టిన పేర్లు నాకు ఇప్పటికీ తెలియవు. వాళ్లలో వయసుమళ్లినవాడు ఒకాయన వున్నాడు. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో డైలు చేసే వర్క్‌షాపులో ఫోర్‌మన్. ఆయన అందరికీ 'అన్న'. నేను 'తెలుగు సార్'ను.

మొన్న ఆదివారం నేను వెళ్లేసరికి పంచాయితీ మంచి పాకంలో వుంది. ఏదో కారుకు 'ఫేస్‌లిఫ్ట్' వస్తున్నదట. కొనాలా, ఆగాలా, పాతదే మేలా అని ఒకటే వాదం. వాళ్ల మాటలు వింటూంటే 2023 దసరా నాటి సంగతి జ్ఞాపకం వచ్చింది. అది మా బావగారి సంగతి. ఇన్నాళ్లూ చెప్పలేదు. ఇప్పుడు ఆయన అనుమతి తీసుకునే మీ ముందు పెడుతున్నాను.

*

ముందు ఈ ఫేస్‌లిఫ్ట్ అనేదేమిటో చెప్పాలి. దానికి తెలుగు మాట చెప్పమని పోలో నన్ను ఒకసారి నిలదీశాడు. 'ముఖసంస్కారం' అన్నాను. అందరూ నవ్వారు, అది బ్యూటీ పార్లరు మాటలా వుందన్నారు. కాసేపు ఆలోచించి, 'సవరించిన రెండవ ముద్రణ' అన్నాను. ఈసారి ఎవరూ నవ్వలేదు.

పుస్తకాల సంగతి మీకు తెలిసిందే. గ్రంథకర్త కొత్త పుస్తకం రాయడం వేరు, పాత పుస్తకాన్నే సవరించి మళ్లీ అచ్చువేయడం వేరు. కారు కూడా అంతే. ఒక నమూనా ఆరేడేళ్లు నడుస్తుంది. నడిమధ్యలో జనానికి మొహం మొత్తుతుంది. అప్పుడు కంపెనీవాళ్లు కొత్త అట్ట వేసి, కొన్ని అచ్చుతప్పులు దిద్ది, ఒక అధ్యాయం చేర్చి, ఇంకొకటి తీసివేసి, మళ్లీ బజారులో పెడతారు. పాతప్రతి వున్నవాడు కొత్తది కొనాలా అక్కర్లేదా అన్నదే ప్రశ్న. అట్ట మాత్రమే మారిందా, లోపల రాత కూడా మారిందా అని విప్పి చూడాలి.

అట్టే ఎందుకు ముందు మారుతుందో అన్న ఒకనాడు వివరంగా చెప్పాడు.

"చూడుండ్రి సార్. డోర్లు, టాపు, పక్క రేకులు ఇవన్నీ ఉక్కు. పెద్ద ప్రెస్సుల పెట్టి కొడితె ఆ షేపు వస్తది. ఆ కొట్టే డై చెయ్యాలంటె నెలలు పడ్తది, పైసలు మస్తు అయితయి. ఒక్క డోరు వంపు మారిస్తె డైలన్నీ మార్చాలె. బంపరు, జాలీ, లైట్ల కవర్లు అయితె ప్లాస్టికు. వాటి అచ్చులు గంత ఖర్చు గావు. అందుకే మొఖము, తోక మారుస్తరు, నడుము ముట్టుకోరు."

అప్పటినుంచి నేను రోడ్డుమీద కొత్త కారు కనిపిస్తే ముందు తలుపులు చూస్తున్నాను. తలుపులు పాతవే అయితే అది రెండవ ముద్రణ అని తెలిసిపోతుంది. మీరూ చూడండి. కాలక్షేపానికి బాగుంటుంది.

*

ఇక అసలు కథ. మా మేనల్లుడికి ఉప్పల్‌లో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఉద్యోగం. నాలుగేళ్లు జీతం కూడబెట్టి మొదటి కారు కొందామనుకున్నాడు. వాడి మనసు హ్యుందాయి ఐ20 ఎన్ లైన్‌మీద పడింది. చూడటానికి బుల్లి కారు, ఒంట్లో మాత్రం పెద్ద కారు ప్రాణం. ఇలాంటివాటిని ఆ కుర్రవాళ్లు 'హాట్ హ్యాచ్' అంటారు.

ఆ ప్రాణం ఎక్కడిదని అడిగితే టర్బో అన్నారు. ఇంజను వదిలే పొగతోనే ఒక చిన్న చక్రాన్ని తిప్పి, దానితో గాలిని కుక్కి మళ్లీ ఇంజనులోకి పంపే ఏర్పాటది. మా అమ్మ కట్టెల పొయ్యిని ఊదుగొట్టంతో ఊదేది గదా, అదే సూత్రం. కట్టె అదే, గాలి ఎక్కువైతే మంట లేస్తుంది. మామూలు ఐ20లో 1200 సీసీ పెట్రోలు ఇంజను 83 పీఎస్ బలం ఇస్తే, ఎన్ లైన్‌లో 998 సీసీ ఇంజను, మూడే సిలిండర్లు, 120 పీఎస్ ఇస్తుంది. ఎన్ అన్న అక్షరం దక్షిణ కొరియాలో ఆ కంపెనీవారి పరిశోధనాకేంద్రం వున్న నామ్యాంగ్‌కూ, జర్మనీలోని నూర్బుర్‌గ్రింగ్ పందెపు బాటకూ గుర్తు. మన హోటలు బృందం మాత్రం అది నాచారం అని తీర్మానించింది.

నిజమైన ఐ20 ఎన్ వేరే వుంది. 204 పీఎస్‌ది. అది ఐరోపాలో అమ్మారు, మన దేశానికి రాలేదు. మనకు వచ్చింది ఆ ఇంటిపేరు పెట్టుకున్న తమ్ముడు. కాస్త గట్టి సస్పెన్షను, బరువైన స్టీరింగు, నాలుగు చక్రాలకూ డిస్కు బ్రేకులు, వెనక రెండు గొట్టాల గర్జన, ఎర్రగీతల అలంకారం. 2021 సెప్టెంబరులో మొదటి ముద్రణ వెలువడింది. సరిగ్గా రెండేళ్లకు, 2023 సెప్టెంబరు 22న, సవరించిన ముద్రణ వచ్చింది. పండగ ముందర వచ్చేసరికి మా హోటలులో టీ అమ్మకాలు పెరిగాయి.

మూడు ఆదివారాలు చర్చ జరిగింది. నేను కాలేజీలో ఎన్నో సాహిత్యసభలు చూశాను గాని, ఇంత శ్రద్ధగా పాఠభేదాలు పరిశీలించిన సభను చూడలేదు.

ఇంజను బలం మారిందా? మారలేదు. అదే 120. "రెండేళ్లు ఆగితే ఒక్క గుర్రమైనా కలవలేదు," అని పోలో పెదవి విరిచాడు. మొహం మారింది, చక్రాల డిజైను మారింది. ఆరు ఎయిర్‌బ్యాగులు అన్ని రకాలకూ వచ్చాయి. వెనక నడుమ కూర్చున్నవాడికి కూడా మూడు కొసల సీటు బెల్టు వచ్చింది. "గిది మంచి మార్పే, కని డొక్క పాతదే," అని అన్న గుర్తుచేశాడు. 2022లో గ్లోబల్ ఎన్‌క్యాప్ వారు రెండు ఎయిర్‌బ్యాగుల ఐ20ని గోడకు కొట్టించి చూసి అయిదు నక్షత్రాలకు మూడు ఇచ్చారు. ఎయిర్‌బ్యాగులు కలిపినంతమాత్రాన ఉక్కు మారదు గదా అని ఆయన భావం. నెమ్మదిగా నడపడమే అన్నిటికంటె పెద్ద ఎయిర్‌బ్యాగు అని కూడా అన్నాడు. అది ఎవరికీ నచ్చలేదు.

అందరూ లేచి నిలబడి హర్షించిన మార్పు ఒకటుంది. అది క్లచ్చి.

*

మొదటి ముద్రణలో క్లచ్చి పెడలు లేదు. ఐఎమ్‌టీ అని ఒక పద్ధతి. 2020లో ఆ కంపెనీవారే వెన్యూ అనే కారులో తెచ్చారు. గేర్లు చేత్తోనే మార్చాలి, ఎడమకాలితో పనిలేదు. గేరు కర్రను చెయ్యి కదల్చగానే దానిలోని సెన్సారు మన ఉద్దేశం పసిగట్టి కబురు పెడుతుంది; క్లచ్చిని యంత్రమే నొక్కి వదులుతుంది. వంట మనదే, అంట్లు మాత్రం ఇంకొకరు తోముతారన్నమాట.

ఇది కుర్రవాళ్లకు గిట్టలేదు. జోరుకారు అన్నాక ఎడమకాలికి పని వుండాలట. అప్పుడే కారూ మనిషీ ఒకటవుతారట. "ఐఎమ్‌టీ గుర్రమూ గాదు, గాడిదా గాదు," అని బాలెనో తీర్పు చెప్పాడు. సవరించిన ముద్రణలో ఐఎమ్‌టీని తీసివేసి, క్లచ్చి పెడలుతో ఆరు గేర్ల అసలు మాన్యువల్ పెట్టారు. అప్పట్లో ధర 9.99 లక్షల నుంచి మొదలయ్యేది. రెండు క్లచ్చిలను యంత్రమే నడిపే ఏడు గేర్ల ఆటోమేటిక్కు కూడా వుంది గాని, దాన్ని మా బృందం లెక్కలోకే తీసుకోలేదు.

"మన మొర కంపెనీవాళ్లు విన్నారు మామయ్యా!" అని మేనల్లుడు పొంగిపోయాడు. వాడి కళ్లలో ఆ వెలుగు చూస్తే నాకూ ముచ్చటేసింది.

ఆ ఆదివారం బావగారు కూడా వచ్చారు. ఆయనకు అప్పటికి అరవై రెండేళ్లు. నాచారంలోనే ఒక ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్లు మిషను ముందు నిలబడి పనిచేసి రిటైరయ్యారు. కార్ల పిచ్చి కొడుక్కు ఎక్కడినుంచి వచ్చిందంటే ఆయన దగ్గరనుంచే. డెబ్బైల చివర, ఎన్.టి.రామారావుగారి రామకృష్ణా స్టూడియో నాచారంలో కళకళలాడే రోజుల్లో, ఆయన సైకిలు ఆపుకుని గేటు దగ్గర నిలబడేవారు. తక్కిన కుర్రవాళ్లు తారల మొహాలు చూస్తే, ఆయన వాళ్లు దిగిన కార్లు చూసేవారు. జన్మంతా ఆయనకు దక్కింది మాత్రం ఒక చేతక్ స్కూటరూ, తరవాత ఎవరో వాడి వదిలిన మారుతీ 800. అదీ ఎప్పుడో అమ్మేశారు.

వాదమంతా విని, టీ గ్లాసు కింద పెట్టి, ఆయన ఒక్క ప్రశ్న వేశారు.

"ఆ పాతది, క్లచ్చి లేనిది, ఇంకా ఎక్కడైనా దొరుకుతుందా?"

"దాన్ని ఎవరు కొంటారు నాన్నా!" అన్నాడు మేనల్లుడు నవ్వుతూ. అందరూ నవ్వారు. బావగారు కూడా నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గుగా వుంటుంది.

*

రెండు రోజుల తరవాత ఉదయం అయిదున్నరకు బావగారు మా ఇంటికి వచ్చారు, ఆటోలో.

"ఏమోయ్ లెక్చరరూ, నీ కారు తాళాలు ఒకసారి ఇస్తావా?"

ఎందుకని అడిగితే, చాలా రోజులైంది గదా, చెయ్యి అలవాటు తప్పుతుందేమోనని అన్నారు. నేనూ వెంట వెళ్లాను. ఉప్పల్ భగాయత్ లేఅవుట్‌లో రోడ్లు విశాలంగా వుంటాయి. తెల్లవారుజామున నడకకు వచ్చేవాళ్లు తప్ప ఎవరూ వుండరు. నా కారు క్లచ్చి రోకలిబండ. బావగారు బాగానే నడిపారు. చెయ్యి ఎక్కడికి పోతుంది? వేసిన ప్రతి గేరూ వెన్నలో కత్తిలా పడింది. ఆ పావుగంటా ఆయన మొహంలో ఇరవై ఏళ్లు తగ్గాయి.

ఇంటికి వచ్చాక కారు దిగలేకపోయారు. తలుపు తీసుకుని, ఎడమకాలు రెండు చేతులతో పట్టుకుని ఎత్తి బయట పెట్టుకున్నారు. మా మెట్లమీద కూర్చుని చాలాసేపు లేవలేదు.

ఎడమ మోకాలు అరిగిందని డాక్టరు చెప్పి అప్పటికి ఏడాదట. అది అక్కకు తప్ప ఎవరికీ తెలియదు.

"వాడు ఆఫీసుకు మెట్రోలో పోతాడు," అన్నారు. "వారమంతా కారు ఇంట్లోనే వుంటుంది. మీ అక్కను నెలకోసారి యాదగిరిగుట్టకు తీసుకుపోతానని ఎప్పుడో మాటిచ్చాను. బస్సులో నిలబడలేకపోతున్నది. నేను నడుపుతాననే గదా వాడు ఇప్పుడు కొంటున్నది. నా కాలు ఇట్లా వుందంటే వాడు ఆ క్లచ్చి కారు కొనడు. నాలుగేళ్లు ఎదురుచూశాడోయ్. నావల్ల వాడు మనసు చంపుకోకూడదు. ఇంకో పదిరోజులుంది. అలవాటు చేసుకుంటాను."

మాట తీసుకున్నారు, వాడికి చెప్పనని. నేను ఇచ్చాను.

అలా ఎనిమిది రోజులు వెళ్లాం. అలవాటు చేసుకుంటే తగ్గే నొప్పి కాదది. రోజురోజుకూ మెట్లమీద కూర్చునే సేపు పెరిగింది. చెబితే ఆయనకు ద్రోహం, చెప్పకపోతే వాడికి ద్రోహం. ధర్మసందేహాలు పుస్తకాల్లో చదివి పిల్లలకు చెప్పడం సులువు. సొంతానికి వస్తే తెలుస్తుంది.

చివరకు అక్క దగ్గర నోరు జారాను. అక్క బియ్యం ఏరుతూ తల ఎత్తకుండా అంది: "రోజూ రాత్రి ఆ మోకాలికి నూనె రాసేది నేనే గదరా. తెల్లారి లేచి ఎటు పోతున్నారో నాకు తెల్వదనుకున్నవా? ఆగు. ఆ పిల్లగానికి కండ్లు లేవా?"

*

టెస్ట్ డ్రైవుకు నలుగురం వెళ్లాం: మేనల్లుడు, బావగారు, అన్న, నేను. మేనల్లుడు ముందు నడిపాడు. ఖాళీ రోడ్డుమీద మూడో గేరులో కాలు నొక్కితే కారు వెనకనుంచి ఎవరో తోసినట్టు ముందుకు దూకింది. కార్లంటే తెలియని నాక్కూడా నోట మాట రాలేదు. వాడు నవ్వుతున్నాడు, చిన్నప్పుడు ఎగ్జిబిషన్‌లో జెయింటు వీలు ఎక్కినప్పటి నవ్వు.

"నాన్నా, నువ్వూ నడుపు," అన్నాడు.

బావగారు స్టీరింగు ముందు కూర్చున్నారు. వాడు పక్కన కూర్చున్నాడు. మొదట బ్రహ్మాండంగా సాగింది. తిరిగి వచ్చేటప్పుడు ఉప్పల్ దగ్గర వరంగల్ రోడ్డు ఎక్కాం. నారపల్లి వైపు ఫ్లైఓవరు పనులు 2018లో మొదలై అప్పటికి ఇంకా పూర్తికాలేదు. స్తంభాల మధ్య బండ్లు చీమల బారు. కదలడం, ఆగడం, మళ్లీ కదలడం, మళ్లీ ఆగడం. ప్రతి కదలికకూ క్లచ్చి నొక్కాలి, వదలాలి. అయిదు నిమిషాలు గడిచాయి. పది గడిచాయి. బావగారి నుదుట చెమట పట్టింది. కారులో ఏసీ చల్లగా వుంది.

మేనల్లుడు ఏదో చెబుతున్నవాడు చెప్పడం ఆపేశాడు. వాడి చూపు తండ్రి కాలిమీద వుంది. పెడలుమీద వున్న ఆ ఎడమకాలు సన్నగా వణుకుతున్నది.

వాడు ఏమీ అనలేదు. సందు దొరగ్గానే, "నాన్నా, ఇక్కడ పక్కకు ఆపు, నాకు ఇంకోసారి నడపాలని వుంది," అన్నాడు. ఆయన దిగడానికి తలుపు తెరిచి, కాలు చేతులతో పట్టుకుని ఎత్తబోయి, వాడు చూస్తున్నాడని గ్రహించి ఆగిపోయారు. వాడు గబుక్కున రోడ్డు వైపు తిరిగి, ఫోను చూసుకుంటున్నట్టు నిలబడ్డాడు, ఆయన దిగేదాకా.

షోరూముకు వచ్చాక సేల్స్‌మన్‌తో, "ఆ ఆటోమేటిక్కు కూడా ఒకసారి చూపించండి," అన్నాడు.

*

ఆ రాత్రి అక్కగారింట్లో లెక్క వేశాం. ఇలాంటి లెక్క మీలో చాలామందికి ఉపయోగపడవచ్చు గనుక చెబుతున్నాను.

మొదటి ముద్రణలో ఆటోమేటిక్కు కావాలంటే పై రకమే కొనాలి. అప్పట్లో 11.75 లక్షలు. రెండవ ముద్రణలో దాన్ని కింది రకానికి కూడా ఇచ్చారు, 11.10 లక్షలు. హోటలులో మూడు ఆదివారాలు చర్చించినా ఈ మార్పును ఎవరూ పట్టించుకోలేదు. ఒక అధ్యాయం తీసివేశారని సంతోషించాం గాని, ఇంకొక అధ్యాయం చేర్చారని చదవలేదు.

క్లచ్చి కారుకూ దీనికీ తేడా లక్షా పదివేలు అనుకుంటే పొరపాటే. 2022 మే నుంచి మన రాష్ట్రంలో లైఫ్ టాక్సు శ్లాబులు మారాయి. అప్పట్లో ఈ తరహా కారుకు పది లక్షల లోపైతే 14 శాతం, పది దాటితే 17 వుండేది. మొత్తం ధరమీద లెక్క అది. 9.99 లక్షల కారుకు టాక్సు సుమారు లక్షా నలభై వేలు, 11.10 లక్షల కారుకు లక్షా ఎనభై ఎనిమిది వేల పైచిలుకు. అంటే తేడా లక్షా అరవై వేల దగ్గరకు వచ్చింది. మేనల్లుడు ఇక్కడ కాసేపు పెన్ను ఆపాడు.

"పాతది, క్లచ్చి లేనిది, వాడినది చూద్దాం," అన్నారు బావగారు. హబ్సిగూడలో ఒకటి వుంటే వెళ్లి చూశాం కూడా. రెండు లక్షలు కలిసివచ్చేది. అన్న బానెట్టు ఎత్తి చూసి, నడిపి చూసి, అమ్మేవాడితో నాలుగు మాటలాడి, పక్కకు పిలిచి చెప్పాడు. ఆ కుర్రవాడు జోరు చాలక ఇంజను కంప్యూటరు లెక్కలు మార్పించాడట. అలా చేస్తే బలం పెరుగుతుంది. దానితోపాటు లోపలి భాగాలమీద భారమూ పెరుగుతుంది, కంపెనీ వారంటీకీ ఎసరు వస్తుంది. "జోరుకారు సెకండ్‌హ్యాండ్ల కొంటె, కారును గాదు, దాన్ని తోలినోన్ని చూసి కొనాలె," అన్నాడు. వాడిన జోరుకారు కొనాలనుకునేవాళ్లు ఈ మాట కొంగున ముడివేసుకోండి.

ఆటోమేటిక్కుకూ ఒక లోపం వుంది, దాచడం ధర్మం కాదు. దానిలోవి పొడి క్లచ్చిలు. ట్రాఫికులో అంగుళం అంగుళం పాకిస్తే వేడెక్కుతాయి. ముందు కాస్త ఖాళీ వచ్చేదాకా బ్రేకుమీద ఆగి, అప్పుడు కదలాలి. ఓపిక వున్నవాడి కారు అది. "ఓపిక నా దగ్గర వుంది, మోకాలే లేదు," అన్నారు బావగారు. అంతవరకూ ఆ ఇంట్లో ఎవరూ ఎత్తని మాట, ఆయన నోటనే వచ్చింది. మేనల్లుడు తల దించుకుని, "ముందే చెప్పవచ్చు గదా నాన్నా," అన్నాడు. "నువ్వు ముందే అడగవచ్చు గదరా," అన్నది అక్క. అంతటితో ఆ ప్రస్తావన ముగిసింది. అప్పు కంతులు మరొక ఏడాది పెంచుకుని ఆటోమేటిక్కే కొన్నాడు.

*

మరుసటి ఆదివారం హోటలు దగ్గర వాడికి జరిగిన సన్మానం నేను చూశాను.

"ఆటోమేటిక్కా!" అన్నాడు పోలో, ఎవరో పోయినట్టు. "వచ్చిన క్లచ్చిని కాలదన్నుకున్నావు!" అన్నాడు బాలెనో. నేను నోరు తెరవబోయాను. మేనల్లుడు బల్ల కింద నా కాలు తొక్కాడు.

"ట్రాఫిక్ రా బాబూ, ఎవరు నొక్కుతారు," అని నవ్వి, ఉస్మానియా బిస్కత్తు టీలో ముంచుకున్నాడు. తండ్రి మోకాలి సంగతి ఒక్క ముక్క చెప్పలేదు. ఆ సన్మానం ఆరు నెలలు సాగింది. 2024 జూన్‌లో టాటావారి ఆల్ట్రోజ్ రేసర్ వచ్చింది. అదీ 120 పీఎస్, ఆరు గేర్లు, క్లచ్చి పెడలు, 9.49 లక్షల నుంచి. అప్పుడు మళ్లీ మొదలైంది: "ఆగివుంటే ఎంత బాగుండేది!" 2025 సెప్టెంబరు 22న నాలుగు మీటర్ల లోపు, 1200 సీసీ లోపు పెట్రోలు కార్లమీద 28 శాతం జీఎస్టీ, దానిమీద ఒక శాతం సెస్సు పోయి మొత్తం 18 శాతమే అయింది. ఇక చెప్పేదేముంది! "రెండేళ్లు ఆగివుంటే!" అని పోలో కాగితంమీద లెక్కవేసి మరీ చూపించాడు.

ఆ రోజు బావగారు అక్కడే వున్నారు. కాగితం తీసుకుని, కళ్లజోడు సవరించుకుని, శ్రద్ధగా చూశారు.

"లెక్క సరిగానే వుంది బాబూ," అన్నారు. "రెండేళ్లు ఆగితే ఇంత మిగిలేది. ఆగనందుకు నాకు ఇరవై రెండుసార్లు గుట్ట దర్శనం మిగిలింది. ఆ రెండేళ్లు మళ్లీ ఏ షోరూములో ఇస్తారు?"

పోలో కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. అప్పుడు గాని వాళ్లకు కొంత అర్థం కాలేదు.

మొన్న ఆదివారపు పంచాయితీ ఎటు తేలిందో నాకు తెలియదు. మధ్యలోనే లేచి వచ్చాను. నన్ను అభిప్రాయం అడిగితే మాత్రం ఒక్క మాట చెప్పాను. రెండవ ముద్రణలో ఏం మారిందో తరవాత చూడండి, మొదటి ముద్రణ వచ్చిననాటికీ ఈనాటికీ మీ ఇంట్లో ఎవరెవరు ఎంత మారారో ముందు చూడండి అని. తెలుగు సార్ గదా, సామెత చెప్పాడనుకుని ఊరుకున్నారు.

హోటలునుంచి అక్కగారింటికి వెళ్లేసరికి బావగారు గుట్టకు బయలుదేరుతున్నారు. నన్నూ రమ్మన్నారు. వెనక సీటులో అక్క, ముందు నేను. ఘట్‌కేసర్ దాటాక రోడ్డు ఖాళీ అయింది. బావగారు ఒకసారి అద్దంలో అక్కను చూసి, కునికిపాట్లు పడుతున్నదని నిశ్చయించుకుని, కుడికాలు కాస్త గట్టిగా నొక్కారు. ఊదుగొట్టం ఊదింది. కారు ఎగిరింది.

"మెల్లగ!" అన్నది అక్క, కళ్లు తెరవకుండానే.

బావగారు వేగం తగ్గించారు. నా చూపు ఆయన కాళ్లమీద పడింది. కుడికాలు బ్రేకుమీద వుంది. ఎడమకాలు, పాపం, నలభై ఏళ్ల అలవాటుకొద్దీ, లేని క్లచ్చిని వెతుక్కుంటూ ఖాళీ నేలను ఒకసారి మెల్లగా నొక్కి వదిలింది.